పార్స్ అయితే సరిపోతుందా? హాస్కెల్‌లో పార్సర్ ఫలితాన్ని టెస్ట్ చేయడంలోని చిక్కులు

క్లుప్తంగా: పార్సర్ అంటే టెక్స్ట్ తీసుకుని చెట్టులాంటి నిర్మాణాన్ని ఇచ్చే ఫంక్షన్. హాస్కెల్‌లాంటి ఫంక్షనల్ భాషల్లో, అంటే ప్రోగ్రామ్‌ను ఫంక్షన్లుగానే కట్టే భాషల్లో, దాన్ని నడపడం తేలికే. వచ్చినదాన్ని దేనితో పోల్చాలో తేల్చుకోవడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఏ చెట్టు వచ్చింది, ఎంత టెక్స్ట్ మిగిలింది, తప్పు ఉంటే ఎక్కడ పట్టుకుంది అనే మూడింటినీ టెస్టు అడగాలి. ఇన్‌పుట్‌లో తెలుగు అక్షరాలు ఉంటే ఈ మూడూ ఇంకొంచెం జాగ్రత్త కోరతాయి.

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివేవారికి పార్సర్ పరిచయమయ్యేది ఎక్కువగా కంపైలర్ డిజైన్ ల్యాబ్‌లోనే. టెక్స్ట్‌ను ముక్కలు చేసే లెక్స్, పార్సర్‌ను తయారుచేసే యాక్ అనే సాధనాలు వాడి సీ భాషలో చిన్న కాలిక్యులేటర్ రాస్తారు. రెండు మూడు లెక్కలు టైప్ చేసి, జవాబు సరిగ్గా వస్తే రికార్డులో ఎక్కించేస్తారు. అక్కడితో ఆ ప్రయోగం అయిపోయినట్టే. అదే విద్యార్థి తర్వాత హాస్కెల్ నేర్చుకుని, పార్సర్ రాసి, దానికి యూనిట్ టెస్ట్ (ఒక్కో చిన్న భాగాన్ని విడిగా పరీక్షించే కోడ్) పెట్టబోతే మొదటి అడుగులోనే కంపైలర్ ఆపేస్తుంది. వచ్చిన విలువను రావాల్సిన విలువతో పోల్చడం కుదరదంటుంది. ఎలాగో ఆ గండం దాటితే టెస్టులన్నీ పచ్చగా పాస్ అవుతాయి, పార్సర్ మాత్రం అసలు డేటా మీద తప్పుతుంది. ఈ రెండు అనుభవాలకూ మూలం ఒకటే: పార్సర్ ఇచ్చే ఫలితం అంటే ఏమిటో ముందుగా తేల్చుకోకపోవడం.

ఉదాహరణకు ఈ ప్రాంతపు లెక్కే తీసుకుందాం. 2025 సీజన్‌లో తోతాపురి మామిడికి గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 రూపాయలు రైతుకు అందేలా ఏర్పాటు చేశారు. ర్యాంపులో (మామిడి కొనుగోలు కేంద్రంలో) కాటా వేసిన చీటీని ఒక ప్రోగ్రామ్ చదవాలి అనుకుంటే, చీటీలో ఒక వరుస ఇలా ఉండొచ్చు: తోతాపురి 2500 * (8 + 4). రకం పేరు, కిలోలు, రేటు లెక్క. ఒక్క వరుసే, కానీ పార్సర్ టెస్టులో వచ్చే చిక్కుల్లో చాలావరకు ఇందులోనే కనిపిస్తాయి.

పార్సర్ చేతికి ఇచ్చేది ఏమిటి

యాక్‌తో రాసిన పార్సర్‌లో ప్రతి వ్యాకరణ నియమం పక్కనా ఒక సీ కోడ్ ముక్క ఉంటుంది. అది గ్లోబల్ వేరియబుల్‌ను మార్చవచ్చు, తెరమీద ఏదైనా ప్రింట్ చేయవచ్చు. దాన్ని టెస్ట్ చేయాలంటే ప్రోగ్రామ్ మొత్తాన్ని నడిపి, ప్రింటయినదాన్ని పట్టుకుని చూడాలి. ఫంక్షనల్ భాషల్లో అలా కాదు. అక్కడ పార్సర్ చివరికి ఒక ఫంక్షనే. 1985లో ఫిలిప్ వాడ్లర్ వివరించిన పద్ధతిలో పార్సర్ ఒక జాబితాను ఇస్తుంది. జాబితాలో ప్రతి అంశం ఒక జంట: వచ్చిన ఫలితం, ఇంకా చదవకుండా మిగిలిన టెక్స్ట్. జాబితా ఖాళీగా ఉంటే పార్స్ కానట్టు. 2001లో డాన్ లైయెన్, ఎరిక్ మేయర్ పరిచయం చేసిన పార్సెక్ లైబ్రరీ, దాన్నుంచి 2015లో విడివడిన మెగాపార్సెక్ ఈ ఆలోచనను వాడకానికి అనువుగా మలిచాయి. వీటిలో ఫలితం రెండు గదుల పెట్టెలాంటిది. ఎర్రర్ అయితే లెఫ్ట్ అనే గదిలో, విలువ అయితే రైట్ అనే గదిలో ఉంటుంది.

ఒకే టెక్స్ట్ ఇస్తే ఎప్పుడూ ఒకే ఫలితం వస్తుంది. డేటాబేస్ అక్కర్లేదు, నకిలీ సర్వర్ పెట్టనక్కర్లేదు, టెస్టులను ఏ వరుసలో నడిపినా తేడా రాదు. టెస్ట్ రాసేవారికి ఇంతకన్నా అనువైన కోడ్ దొరకడం అరుదు. అయితే హాస్కెల్‌లో ఒక ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌తో సమానమా అని అడిగే వీలు లేదు. కాబట్టి ఈ పార్సర్ సరైనదేనా అని నేరుగా అడగలేం. కొన్ని టెక్స్టులు ఇచ్చి, వచ్చిన విలువలను పోల్చడం ఒక్కటే దారి. ఏ టెక్స్టులు ఇవ్వాలి, వచ్చినదాన్ని ఎలా పోల్చాలి అన్నదే అసలు పని.

కంపైలర్ ఎందుకు అడ్డుపడుతుంది

హెచ్‌యూనిట్, హెచ్‌స్పెక్‌లాంటి లైబ్రరీల్లో టెస్ట్ అంటే రావాల్సిన విలువ, వచ్చిన విలువ సమానమా అని చూడటం. అందుకు ఆ విలువల టైప్‌కు, అంటే డేటా రకానికి, రెండు సామర్థ్యాలు ఉండాలి: సమానత్వం చూసే ఈక్యూ, ఫెయిలైతే తెరమీద చూపించే షో. మనం నిర్వచించిన చెట్టు టైప్ చివర ఈ రెండింటినీ డిరైవ్ చేయమని ఒక్క మాట రాస్తే కంపైలరే సమకూరుస్తుంది. ఆ ఒక్క మాట మర్చిపోవడం వల్ల వచ్చే ఎర్రర్లే మొదట్లో ఎక్కువ.

చెట్టుకు ఈక్యూ ఉన్నా ఒక్కోసారి అదే ఎర్రర్ వస్తుంది. అప్పుడు చూడాల్సింది లెఫ్ట్ గది. పెట్టె మొత్తాన్ని పోల్చాలంటే రెండు గదుల్లోని టైపులకూ ఈక్యూ ఉండాలి. ఎర్రర్ టైప్‌కు అది లేకపోతే, పోల్చబోయేది విజయాన్నే అయినా కంపైలర్ ఒప్పుకోదు. దీనికి మూడు పరిష్కారాలు వాడుకలో ఉన్నాయి. ఫలితాన్ని విడదీసి, రైట్ అయితే చెట్టును పోల్చి, లెఫ్ట్ అయితే ఎర్రర్‌ను చూపించి టెస్టును ఫెయిల్ చేయడం ఒకటి. ఎర్రర్‌ను ముందే స్ట్రింగ్‌గా మార్చుకోవడం ఇంకొకటి. మెగాపార్సెక్ వాడేవారికి హెచ్‌స్పెక్-మెగాపార్సెక్ అనే చిన్న లైబ్రరీ ఉంది. అందులోని షుడ్‌పార్స్ అనే ఫంక్షన్ మొదటి పనినే మన బదులు చేస్తుంది.

చిక్కు నాలుగో దారితోనే వస్తుంది. కంపైలర్ గొడవ తప్పించుకోవడానికి, వచ్చింది రైటా కాదా అని మాత్రమే అడిగి వదిలేస్తారు. అలాంటి టెస్ట్ దాదాపు ఏమీ చెప్పదు. పైగా హాస్కెల్ ఏ విలువనైనా అవసరం వచ్చినప్పుడే లెక్కిస్తుంది. పెట్టెలో ఏ గది నిండిందో చూసినంత మాత్రాన లోపలి విలువను లెక్కించదు. చీటీలో కిలోల అంకెలు తెలుగులో, ౨౫౦౦ అని ఉన్నాయనుకుందాం. అంకెలను గుర్తించడానికి ఈజ్‌నంబర్ అనే ఫంక్షన్ వాడితే అది తెలుగు అంకెలనూ ఒప్పుకుంటుంది. ఆ అంకెను సంఖ్యగా మార్చే డిజిట్‌టుఇంట్ ఫంక్షన్‌కు మాత్రం తెలుగు అంకెలు తెలియవు, ఎర్రర్ ఇచ్చి ప్రోగ్రామ్‌ను ఆపేస్తుంది. పార్సర్ రైట్ ఇస్తుంది, టెస్ట్ పాస్ అవుతుంది. ఆ సంఖ్యను ఎవరైనా వాడబోయిన రోజు ప్రోగ్రామ్ కూలుతుంది. విలువను దేనితోనైనా పోల్చి ఉంటే టెస్టులోనే దొరికేది, ఎందుకంటే పోల్చడానికైనా దాన్ని లెక్కించక తప్పదు.

జవాబు సరిపోయినా చెట్టు తప్పు కావచ్చు

కాలిక్యులేటర్ ల్యాబ్ అలవాటు వల్ల పార్సర్‌ను జవాబుతో పరీక్షించడం సహజంగా తోస్తుంది. లెక్క ఇచ్చి, చివరి సంఖ్య చూసుకుంటారు. ఇది ఎలా మోసం చేస్తుందో మామిడి లెక్కలోనే తెలుస్తుంది. బ్రాకెట్లు లేకుండా 8 + 4 * 2500 అని రాస్తే, గుణకారం ముందు చేయాలి కాబట్టి జవాబు 10,008. ఆపరేటర్లకు ప్రాధాన్యం తెలియని పార్సర్ ఎడమ నుంచి వరుసగా చేసుకుపోయి 30,000 ఇస్తుంది. 2500 కిలోలకు రైతుకు రావాల్సిన మొత్తం నిజంగా 30,000 రూపాయలే. టెస్ట్ రాసే వ్యక్తి ఆ సంఖ్యను మనసులో పెట్టుకుని రావాల్సిన విలువగా రాస్తే, తప్పు పార్సర్ పాస్ అయి సరైన పార్సర్ ఫెయిలవుతుంది.

చెట్టును పోలిస్తే ఇలాంటి పొరపాటుకు తావుండదు. సరైన చెట్టు ఇది: కూడిక(8, గుణకారం(4, 2500)). తప్పు చెట్టు ఇది: గుణకారం(కూడిక(8, 4), 2500). రెండూ పక్కపక్కన పెడితే చదివేవారికి తేడా వెంటనే కనిపిస్తుంది.

ఒకే ఆపరేటర్ వరుసగా వచ్చినప్పుడు ఎటువైపు నుంచి కట్టాలన్నది ఇంకో చిక్కు. 10 + 4 + 3 ఎటు నుంచి కట్టినా 17 వస్తుంది కాబట్టి జవాబు చూసే టెస్టుకు ఇది పనికిరాదు. 10 - 4 - 3 అయితే ఎడమ నుంచి 3, కుడి నుంచి 9. పార్సెక్‌లో చైన్‌ఎల్1, చైన్‌ఆర్1 అని రెండు కాంబినేటర్లు (చిన్న పార్సర్లను కలిపి పెద్దది కట్టే ఫంక్షన్లు) ఉన్నాయి. మొదటిది ఎడమ నుంచి, రెండోది కుడి నుంచి కడుతుంది, పేరులో ఒక్క అక్షరమే తేడా. ఒకదాని బదులు ఇంకొకటి పడితే కూడికల టెస్టులు ఎన్ని రాసినా బయటపడదు. టెస్టుల సంఖ్య కన్నా వాటి ఎంపిక ముఖ్యం అనడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ దొరకదు: వంద కూడికలు పట్టుకోలేనిది ఒక్క తీసివేత పట్టుకుంటుంది.

చెట్టును పోల్చడంలోనూ ఒక ఇబ్బంది ఉంది. కాస్త పెద్ద పార్సర్లు చెట్టులోని ప్రతి కొమ్మకూ అది ఏ లైన్‌లో, ఏ కాలమ్‌లో ఉందో తగిలిస్తాయి. తర్వాత ఎర్రర్ చూపించడానికి అది అవసరం. కానీ టెస్టులో రావాల్సిన చెట్టును చేత్తో రాసేటప్పుడు ప్రతి స్థానాన్నీ లెక్కపెట్టి రాయడం ఎవరివల్లా కాదు. మధ్యలో ఒక ఖాళీ చేరిస్తే అన్నీ మారిపోతాయి కూడా. స్థాన సమాచారాన్ని చెట్టు టైప్‌కు పారామీటర్‌గా పెట్టి, చెట్టును ఫంక్టర్‌గా (ఆకారం మారకుండా లోపలి విలువలను మార్చగల టైప్‌గా) చేసుకుంటే ఇది తేలిగ్గా తీరుతుంది. పోల్చే ముందు అన్ని కొమ్మల మీదున్న స్థానాలనూ ఎఫ్‌మ్యాప్ అనే ఒక్క ఫంక్షన్‌తో ఖాళీ విలువగా మార్చేయవచ్చు. స్థానాలను రెండు మూడు ప్రత్యేక టెస్టుల్లో విడిగా చూసుకుంటే చాలు. స్థానాలను పట్టించుకోకుండా ఈక్యూనే చేత్తో రాసుకునే పద్ధతీ ఉంది. అయితే అప్పుడు అసలు ప్రోగ్రామ్‌లోనూ సమానత్వానికి అర్థం మారిపోతుంది. మొదటిదే మేలు.

మిగిలిపోయిన ముక్క

పార్సర్ తనకు అర్థమైనంతవరకు చదివి ఆగుతుంది. మిగతా టెక్స్ట్ సంగతి దానికి పట్టదు. సంఖ్యను చదివే పార్సర్‌కు 1,25,000 ఇస్తే 1 చదివి, కామా దగ్గర ఆగి, పార్స్ అయిందని చెబుతుంది. లక్షా పాతికవేలు ఒక్క రూపాయి అవుతుంది. ఎర్రర్ ఉండదు, హెచ్చరిక ఉండదు.

ఇది లైబ్రరీ లోపం కాదు. చిన్న పార్సర్లను ఒకదాని తర్వాత ఒకటి కలిపి పెద్దది కట్టాలంటే, ఒక్కొక్కటీ తన వంతు చదివి మిగతాది తర్వాతి దానికి వదలాల్సిందే. మొత్తం ఇన్‌పుట్ అయిపోవాలని కోరేది ఈవోఎఫ్ అనే పార్సర్. దాన్ని అన్నిటికన్నా బయటి పార్సర్ చివర ఒక్కసారి పెట్టాలి. యూనిట్ టెస్టుల్లో లోపలి చిన్న పార్సర్లను విడివిడిగా నడుపుతారు కాబట్టి అక్కడ ఈవోఎఫ్ ఉండదు. టెస్ట్ పచ్చగా కనిపిస్తుంది, మిగిలింది ఎవరూ చూడరు. మార్గాలు రెండు. టెస్టులో పార్సర్ వెనక ఈవోఎఫ్ తగిలించే ఒక సహాయక ఫంక్షన్ రాసుకుని అన్ని టెస్టులూ దాని ద్వారానే నడపవచ్చు. లేదా మిగలాల్సిన టెక్స్ట్ ఏమిటో కూడా టెస్టులోనే రాయవచ్చు. హెచ్‌స్పెక్-మెగాపార్సెక్‌లో దీనికి సక్సీడ్స్‌లీవింగ్ అనే ఫంక్షన్ ఉంది.

కామాల విషయంలో మన దేశపు లెక్కకు అదనపు చిక్కు ఉంది. లక్షలు, కోట్లలో కామాలు మూడంకెలకు, ఆపైన రెండేసి అంకెలకు వస్తాయి. చీటీలో ఒక్కో అంశాన్ని విడదీసేదీ కామానే అయితే, తోతాపురి,1,25,000 అన్న వరుసలో అంశాలు రెండా నాలుగా అన్నది పార్సర్ రాసేవారు తీసుకోవాల్సిన నిర్ణయం. టెస్ట్ ఆ నిర్ణయాన్ని రాతపూర్వకంగా ఉంచుతుంది. 1,250,00 లాంటి తప్పు వరుసను ఒప్పుకోవాలా వద్దా అన్నది కూడా అలాగే తేలాలి.

ఎర్రర్ కూడా ఫలితమే

సరైన ఇన్‌పుట్‌కు సరైన చెట్టు రావడం పార్సర్ పనిలో సగమే. తప్పు ఇన్‌పుట్‌ను తిప్పికొట్టడం, అదీ సరైన చోట వేలు చూపి తిప్పికొట్టడం మిగతా సగం. చాలా టెస్ట్ ఫైళ్లలో ఈ రెండో సగం కనిపించదు. 2500 * (8 + అని మధ్యలో తెగిన వరుస ఇస్తే ఫెయిలవ్వాలి. అయితే ఎక్కడ? చివర, ఒక సంఖ్య రావాల్సిన చోట అని చెప్పాలి. మొదటి అక్షరం దగ్గరే ఏదో అనుకోనిది వచ్చిందని చెబితే చీటీ రాసిన మనిషికి దానివల్ల ప్రయోజనం ఉండదు.

ఇలా తప్పు చోటు చూపించడానికి ఎక్కువసార్లు కారణం ట్రై అనే కాంబినేటర్. పార్సెక్, మెగాపార్సెక్ ఒక దారిలో కనీసం ఒక అక్షరం చదివేశాక, ఆ దారి ఫెయిలైతే వెనక్కి వచ్చి ఇంకో దారి చూడవు. చూడమని చెప్పడానికే ట్రై. చిన్న చిన్న చోట్ల వాడితే మంచిదే. ఎర్రర్లు పోతున్నాయని ప్రతిదానికీ ట్రై చుడితే, పార్సర్ ప్రతిసారీ మొదటికి తిరిగి వచ్చి, లోపల ఎక్కడ తప్పు జరిగిందో మర్చిపోతుంది. విజయాల టెస్టులన్నీ పాస్ అవుతూనే ఉంటాయి, ఎర్రర్ స్థానాన్ని చూసే టెస్ట్ ఒక్కటే దీన్ని పట్టుకుంటుంది. అట్టోపార్సెక్ అనే మరో లైబ్రరీ ఎప్పుడూ వెనక్కి వస్తుంది, ట్రై అవసరమే లేదు. అది వేగం కోసం కట్టింది, ఎర్రర్ సమాచారం తక్కువ ఇస్తుంది. ఆ లైబ్రరీతో రాసిన పార్సర్‌కు ఎర్రర్ టెస్టులు లోతుగా రాసి లాభం లేదు.

ఎర్రర్ సందేశం మొత్తాన్ని అక్షరం పొల్లు పోకుండా పోల్చడం కూడా మంచిది కాదు. లైబ్రరీ కొత్త వెర్షన్‌లో ఒక పదం మారితే యాభై టెస్టులు ఒకేసారి కూలుతాయి, పార్సర్‌లో ఏ తప్పూ ఉండదు. స్థానం ఏమిటి, ఏమి వచ్చింది, ఏమి రావాల్సింది అనే మూడు అంశాలను పోలిస్తే సరిపోతుంది. మెగాపార్సెక్ ఎర్రర్ స్ట్రింగ్‌గా కాక డేటాగా ఉంటుంది కాబట్టి ఇది వీలవుతుంది.

తెలుగు అక్షరాలు వచ్చినప్పుడు

పార్సర్ పాఠాలన్నీ ఇంగ్లిష్ అక్షరాలతోనే ఉంటాయి. తిరుపతి, చిత్తూరు అని ఊరి పేర్లు చదవాల్సి వచ్చినప్పుడు అంతవరకు పాస్ అయిన పార్సర్ తడబడుతుంది. దీనికి కారణం యూనికోడ్‌లో తెలుగు రాత నిల్వయ్యే తీరు.

కంటికి తిరుపతి నాలుగు అక్షరాలు. కంప్యూటర్‌కు ఏడు కోడ్ పాయింట్లు (యూనికోడ్ ఒక్కో గుర్తుకు ఇచ్చే సంఖ్యలు): త, గుడి, ర, కొమ్ము, ప, త, గుడి. వీటిలో త, ర, ప అనేవి యూనికోడ్ వర్గీకరణలో అక్షరాలు. గుడి, కొమ్ము అక్షరాలు కావు, వాటికి మార్క్ అనే వేరే వర్గం ఉంది. హాస్కెల్‌లో ఈజ్‌ఆల్ఫా అనే ఫంక్షన్ అక్షర వర్గాన్నే ఒప్పుకుంటుంది. పార్సెక్‌లోని లెటర్, మెగాపార్సెక్‌లోని లెటర్‌చార్ దాని మీదే ఆధారపడ్డాయి. ఒకటి లేదా ఎక్కువ అక్షరాలు చదవమని చెప్పిన పార్సర్‌కు తిరుపతి అని ఇస్తే త మాత్రమే చదివి ఆగుతుంది. చిత్తూరు ఇస్తే చ దగ్గర ఆగుతుంది. వచ్చింది రైటా అని మాత్రమే అడిగే టెస్ట్ ఈ రెండు చోట్లా పాస్ అవుతుంది! ఊరి పేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోయిందని చెప్పేవి రెండే: విలువను పోల్చే టెస్ట్, మిగిలిన ముక్కను చూసే టెస్ట్.

మార్క్ వర్గాన్ని ఒప్పుకునే ఈజ్‌మార్క్‌ను కూడా కలిపితే ఒత్తులు, గుణింతాలు, సున్నా అన్నీ దారికి వస్తాయి. అయినా పూర్తవదు. ఎస్‌వీ అని రాసేటప్పుడు స్ పక్కన వీ ఒత్తుగా మారకుండా, కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు పెడతారు. అది అక్షరమూ కాదు, మార్కూ కాదు, ఫార్మాట్ అనే మూడో వర్గం. ఎస్‌వీ యూనివర్సిటీ అన్న పేరు చదివే పార్సర్ ఆ గుర్తు దగ్గర ఆగిపోతుంది. కారణం తెరమీద చూసి తెలుసుకోవడం అసాధ్యం. తెలుగు ఇన్‌పుట్ చదివే ఏ పార్సర్‌కైనా ఈ గుర్తున్న పేరు ఒక్కటైనా టెస్టుల్లో ఉండాలి.

ఇంకో సూక్ష్మం ఐత్వంలో ఉంది. వైకుంఠం అన్న మాటలోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే కోడ్ పాయింట్‌గా రాయవచ్చు, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు అని రెండుగా రాయవచ్చు. యూనికోడ్ ప్రమాణం ఈ రెండూ ఒకటేనంటుంది. ఈక్యూ మాత్రం వేరువేరంటుంది. టెస్ట్ ఫెయిలవుతుంది, రావాల్సినది వచ్చినది తెరమీద ఒకేలా కనిపిస్తాయి. పార్స్ చేసే ముందే టెక్స్ట్‌ను ఎన్ఎఫ్‌సీ అనే ఒకే రూపానికి మార్చుకోవడం దీనికి మందు.

టెస్ట్ ఫెయిలైనప్పుడు ఏమైందో చదవడం కూడా ఇక్కడ కష్టమే. మామూలు షో తెలుగు అక్షరాలను చూపించదు, వాటి సంఖ్యలను చూపిస్తుంది. తిరుపతి అన్న స్ట్రింగ్ \3108\3135\3120\3137\3114\3108\3135 అని కనిపిస్తుంది. అలాంటి రెండు వరుసలను పక్కపక్కన పెట్టి తేడా వెతకడం కళ్లకు శిక్ష. తెలుగును తెలుగుగా చూపించే ప్రింటింగ్ ఫంక్షన్ ఒకటి మొదట్లోనే రాసుకోవడం వృథా పని కాదు. ఎర్రర్ స్థానమూ కోడ్ పాయింట్ల లెక్కనే ఉంటుంది. తిరుపతి తర్వాత వెంటనే తప్పు ఉంటే కంటికి అది ఐదో చోటు, పార్సర్ చెప్పేది ఎనిమిదో కాలమ్. టెస్టులో 8 అని రాయాలి. వాడుకరికి ఏ సంఖ్య చూపించాలన్నది వేరే ప్రశ్న.

ఉదాహరణలను యంత్రమే తయారుచేస్తే

చేత్తో రాసిన టెస్టుల్లో రాసినవారికి తోచిన ఇన్‌పుట్‌లే ఉంటాయి. తోచనివాటి కోసం 2000లో కోయెన్ క్లాసెన్, జాన్ హ్యూస్ క్విక్‌చెక్ తెచ్చారు. ఉదాహరణ బదులు ఒక ధర్మాన్ని చెబితే, అది యాదృచ్ఛికంగా విలువలు పుట్టించి పరీక్షిస్తుంది. మామూలుగా ఒక్కో ధర్మానికి 100 సార్లు. తప్పు దొరికితే దాన్ని చిన్నదిగా కుదించి చూపిస్తుంది. ఈ ఆలోచన తర్వాత ఎఫ్‌షార్ప్, స్కాలా, ఎర్లాంగ్, పైథాన్ వరకు పాకింది.

పార్సర్లకు బాగా కుదిరే ధర్మం రానూపోనూ ప్రయాణం. ఏదో ఒక చెట్టును పుట్టించి, దాన్ని టెక్స్ట్‌గా ప్రింట్ చేసి, ఆ టెక్స్ట్‌ను పార్స్ చేస్తే మొదటి చెట్టే రావాలి. ప్రింట్ చేసే ఫంక్షన్ (ప్రింటర్) 10 - (4 - 3) లోని బ్రాకెట్లు మింగేస్తే ఇది వెంటనే పట్టుకుంటుంది. దీనికి గుడ్డి కోణం కూడా ఉంది. ప్రింటర్, పార్సర్ రెండూ తీసివేతను కుడి నుంచే కడితే, రెండు తప్పులు ఒకదానికొకటి సరిపోయి ధర్మం నిలబడుతుంది. అందుకే 10 - 4 - 3 లాంటి చేతిరాత టెస్టులను క్విక్‌చెక్ వచ్చిందని తీసేయకూడదు.

తప్పు లేకుండానే ఫెయిలయ్యే సందర్భమూ ఉంది. చెట్లు పుట్టించే జనరేటర్ -5 అనే సంఖ్యను ఒక ఆకుగా పెడుతుంది. ప్రింటర్ -5 అని రాస్తుంది. పార్సర్ దాన్ని 5 అనే ఆకు, దాని పైన రుణం చేసే కొమ్మగా కడుతుంది. రెండు చెట్లూ సమానం కావు. వ్యాకరణం ప్రకారం పార్సర్ ఎన్నటికీ ఇవ్వని చెట్టును జనరేటర్ పుట్టించకూడదు, దిద్దాల్సింది జనరేటర్‌నే. చెట్టు లోతుకు హద్దు పెట్టకపోతే ఇంకో కష్టం: ప్రతి కొమ్మా రెండుగా చీలుతూ పోయి టెస్ట్ మెమరీని మింగేస్తుంది. క్విక్‌చెక్‌లోని సైజ్డ్ ఈ హద్దు కోసమే ఉంది. సొంత టైపులకు కుదించే ఫంక్షన్‌ను కూడా మనమే ఇవ్వాలి, లేకపోతే దొరికిన తప్పు పేజీడంత చెట్టుగా కనిపిస్తుంది. హెడ్జ్‌హాగ్ లైబ్రరీలో కుదింపు జనరేటర్‌తోపాటే వస్తుంది.

రానూపోనూ ధర్మం కాకుండా తేలికైనవి మరికొన్ని ఉన్నాయి. టోకెన్ల (సంఖ్య, గుర్తులాంటి ముక్కల) మధ్య అదనపు ఖాళీలు చేర్చినా చెట్టు మారకూడదు. మొత్తం చుట్టూ బ్రాకెట్ల జత చేర్చినా మారకూడదు. ప్రింటర్ రాయని చోట కూడా ఇవి పనికొస్తాయి.

గోల్డెన్ ఫైళ్లు

పెద్ద ఇన్‌పుట్‌లకు చెట్టును చేత్తో రాయలేం. అప్పుడు పార్సర్ ఇచ్చినదాన్ని ఒక ఫైల్‌లో దాచి, ఒకసారి మనిషి చదివి సరేనని, తర్వాత ప్రతిసారీ దానితో పోలుస్తారు. హాస్కెల్‌లో టేస్టీ-గోల్డెన్, ఓకామల్ అనే మరో ఫంక్షనల్ భాషలో ఎక్స్‌పెక్ట్ టెస్టులు ఇదే పని చేస్తాయి. ఓకామల్‌లో డ్యూన్ ప్రమోట్ అని ఒక్క కమాండ్ ఇస్తే కొత్త ఫలితాలే సరైనవిగా నమోదవుతాయి. సౌకర్యం అదే, ముప్పూ అదే.

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు శ్రీకాళహస్తి చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు వచ్చింది. చిరునామాలు చదివి జిల్లా పేరు తగిలించే ప్రోగ్రామ్ ఉందనుకుందాం. ఆ మార్పు చేసిన రోజు పదుల కొద్దీ గోల్డెన్ ఫైళ్లు ఒకేసారి మారతాయి, అన్నీ న్యాయమైన మార్పులే. వాటి మధ్య ఒక పిన్‌కోడ్‌లో అంకె ఊడిపోయి ఉంటే, అన్నిటినీ కలిపి ఒక్క కమాండ్‌తో ఆమోదించే మనిషికి అది కనిపించదు. జిల్లా మార్పును విడిగా, పార్సర్ మార్పును విడిగా నమోదు చేస్తే చదవాల్సిన తేడా చిన్నదవుతుంది.

ఆగని టెస్ట్

కొన్ని పార్సర్లు తప్పు ఫలితం ఇవ్వవు, అసలు ఏ ఫలితమూ ఇవ్వవు. వ్యాకరణ పుస్తకంలో ఉన్నట్టే, లెక్క అంటే లెక్క తర్వాత కూడిక గుర్తు తర్వాత పదం (సంఖ్యలాంటి ముక్క) అని కాంబినేటర్లతో యథాతథంగా రాస్తే, లెక్కను చదవడానికి మొదట లెక్కనే చదవాలి. పార్సర్ ఒక్క అక్షరం కూడా ముందుకు కదలకుండా తనను తాను పిలుచుకుంటూ ఉండిపోతుంది. యాక్‌లో ఇదే నియమం చక్కగా పనిచేస్తుంది, ఆ పద్ధతి వేరు. ల్యాబ్‌లో రాసిన వ్యాకరణాన్ని హాస్కెల్‌లోకి మార్చేవారు మొదట పడే గుంట ఇదే. ఖాళీని కూడా ఒప్పుకునే పార్సర్‌ను మెనీ అనే కాంబినేటర్‌తో పదేపదే నడిపినా అంతే. పార్సెక్ ఈ రెండో తప్పును గుర్తించి ఎర్రర్ ఇస్తుంది, మెగాపార్సెక్‌లో అది ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

అందుకే పార్సర్ టెస్టులకు సమయ పరిమితి పెట్టాలి. టెస్టులను నడిపే టేస్టీ లైబ్రరీలో దానికి ఒక ఆప్షన్ ఉంది. చీటీలోని ఒక్క వరుస చదవడానికి ఒక సెకను దాటితే ఏదో తిరుగుతోందనే లెక్క. ఏ కొమ్మలను టెస్టులు అసలు తాకలేదో తెలుసుకోవడానికి హాస్కెల్ కంపైలర్‌తోపాటే వచ్చే హెచ్‌పీసీ అనే సాధనం చాలు. అది ఇచ్చే నివేదికలో మొదటిసారి చూసినవారికి రంగు వేసి కనిపించేవి ఎక్కువగా ఎర్రర్ దారులే, ఎందుకంటే ఆ దారిలోకి తీసుకెళ్లే తప్పు చీటీని టెస్టుల్లో ఇంకా ఎవరూ రాసి ఉండరు.